పిల్లల చూపు: తప్పంతా ఫోనుదేనా?

‘‘ఎప్పుడు చూసినా ఆ ఫోనే. సైట్ రాక ఏమవుతుంది!’’ పిల్లలకు కళ్లజోడు రాసిచ్చిన రోజు చాలా ఇళ్లలో వినిపించే తీర్పు ఇది. తల్లి తండ్రిని అంటుంది, తండ్రి తల్లిని అంటాడు, అమ్మమ్మ ఇద్దరినీ అంటుంది. పిల్లలు తలవంచుకుని వింటారు. ఫోను నిర్దోషి అని వాదించడం మా ఉద్దేశం కాదు. కానీ మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతుండటంతో, చూపును అంతకన్నా ఎక్కువగా ప్రభావితం చేసే ప్రశ్నలు ఎవరూ అడగడం లేదు. మీ పిల్లలు పగటి వెలుతురులో రోజుకు ఎంతసేపు గడుపుతున్నారు? కళ్లజోడు రాసేముందు కంట్లో చుక్కల మందు వేసి పరీక్షించారా? రెండు కళ్లనూ విడివిడిగా చూశారా?

స్మార్ట్‌ఫోన్లు రాకముందే

మన దేశం నుంచి 2002లో రెండు ముఖ్యమైన అధ్యయనాలు వెలువడ్డాయి. ఒకటి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో జరిగింది. దూరంగా ఉన్నవి మసకగా కనిపించే లోపాన్ని హ్రస్వదృష్టి అంటాం. దీనికే మైనస్ పవర్ రాస్తారు. అక్కడ 7–15 ఏళ్ల పిల్లల్లో ఇది 4.1 శాతం మందికి ఉన్నట్టు తేలింది. రెండోది ఢిల్లీ నగరంలో జరిగింది. అక్కడ 7.4 శాతం. అప్పటికి ఢిల్లీ పిల్లల చేతుల్లో స్మార్ట్‌ఫోన్ లేదు. ఐఫోన్ మార్కెట్లోకి వచ్చిందే 2007లో. పిల్లల్లో మైనస్ పవర్ పెరిగిపోతోందని సింగపూర్ జాతీయ స్థాయిలో నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది 2001లో. అంటే పల్లెకూ పట్నానికీ మధ్య ఈ తేడా ఫోన్లకన్నా పాతది.

ఆ తర్వాత 2015లో ఎయిమ్స్ వైద్యులు ఢిల్లీ బడుల్లో దాదాపు 10 వేల మంది పిల్లలను పరీక్షిస్తే 13.1 శాతం మందికి హ్రస్వదృష్టి ఉంది. ఈ అధ్యయనాల్లో పిల్లల వయసులు, ఎంపిక పద్ధతి ఒకటి కావు కాబట్టి అంకెల్ని పక్కపక్కన పెట్టి ఇన్ని రెట్లు పెరిగిందని లెక్క కట్టకూడదు. దారి ఎటు పోతోందో మాత్రం తెలుస్తూనే ఉంది. ఎయిమ్స్ అధ్యయనంలోనే మరో విషయం బయటపడింది. రోజుకు 5 గంటలకు మించి చదువూ రాతలో గడిపే పిల్లల్లో లోపం ఎక్కువ. రోజుకు 2 గంటలకు పైగా బయట ఆడుకునే పిల్లల్లో తక్కువ. మన నగరాల్లో పిల్లల దినచర్య ఈ రెంటిలో దేనికి దగ్గరగా ఉందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

కన్ను ఎందుకు సాగుతుంది?

పుట్టినప్పుడు కనుగుడ్డు పొడవు సుమారు 16–17 మిల్లీమీటర్లు. పెద్దయ్యేసరికి 23–24కు చేరుతుంది. అందుకే పసిపిల్లల్లో చాలామందికి సహజంగానే కొంత ప్లస్ పవర్ ఉంటుంది. కన్ను పెరిగేకొద్దీ అది తగ్గుతూ వచ్చి సున్నా దగ్గర ఆగాలి. అక్కడ ఆగకుండా కన్ను ఇంకా సాగితే, బొమ్మ రెటీనా మీద కాకుండా దానికి ముందే పడుతుంది. అదే మైనస్ పవర్. ఒక్క మిల్లీమీటరు అదనంగా సాగితే చాలు, రెండున్నర నుంచి మూడు దాకా మైనస్ వస్తుంది. సాగిన కన్ను మళ్లీ కురచ కాదు.

‘‘ఇప్పుడు కళ్లజోడు పెట్టుకోనీ, పద్దెనిమిదేళ్లు నిండాక లేజర్ చేయిద్దాం’’ అనుకునే తల్లిదండ్రులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. లేజర్ చికిత్స కంటి ముందున్న కార్నియా వంపును మాత్రమే మారుస్తుంది. కళ్లజోడు పోతుంది కానీ, సాగిన కన్ను, దానితోపాటు పల్చబడిన రెటీనా అలాగే ఉంటాయి. మైనస్ 6 దాటినవారికి ముందుముందు రెటీనా ఊడిపోవడం, గ్లాకోమా, చూపుకు కేంద్రమైన మాక్యులా దెబ్బతినడం వంటి ముప్పులు ఎక్కువ. కాబట్టి అసలు చూడాల్సింది పవర్ ఏ వయసులో మొదలైంది, ఏటా ఎంత పెరుగుతోంది అన్నవే. పదమూడేళ్లకు వచ్చిన మైనస్ కన్నా ఏడేళ్లకే వచ్చిన మైనస్ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. పెరిగేందుకు దాని ముందు ఇంకా చాలా ఏళ్లున్నాయి.

కన్ను సాగకుండా కొంతవరకు అడ్డుకునేది పగటి వెలుతురు. వెలుతురు బాగా పడినప్పుడు రెటీనాలో డోపమైన్ విడుదలై కన్ను సాగడాన్ని నెమ్మదింపజేస్తుందని శాస్త్రవేత్తల అంచనా. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలను బడి రోజుల్లో అదనంగా 40 నిమిషాలు బయట గడపనిచ్చారు. మూడేళ్ల తర్వాత చూస్తే వారిలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం. మామూలు బడుల్లో 39.5 శాతం. ఈ ఫలితాలు 2015లో వచ్చాయి. తైవాన్ 2010లోనే రోజుకు 120 నిమిషాల ఆరుబయలు కార్యక్రమాన్ని బడుల్లో పెట్టింది. అక్కడ ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన ‘చూపు తగ్గిన పిల్లల’ వాటా 2012లో 49.4 శాతం ఉంటే, 2015 నాటికి 46.1కి దిగింది. పెద్ద అద్భుతమేమీ కాదు, నిజమే. కానీ ఎక్కడమే తప్ప దిగడం తెలియని అంకె అది.

దీనికి తలకిందుల ఉదాహరణ కరోనా కాలం. చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో ఆరేళ్ల పిల్లల్లో హ్రస్వదృష్టి 2015–2019 మధ్య ఏ ఏడాదీ 5.7 శాతం దాటలేదు. నెలల తరబడి ఇళ్లలో ఉండిపోయిన తర్వాత, 2020లో చేసిన పరీక్షల్లో 21.5 శాతంగా తేలింది. ఆన్‌లైన్ పాఠాలు ఒక కారణం కావచ్చు. గడప దాటకపోవడమూ కారణమే. రెండూ ఒకేసారి జరిగినప్పుడు దేని వాటా ఎంతో విడదీయడం కష్టం.

ఫీజు అడుగుతాం, మైదానం అడగం

విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసుంది. మన పట్టణాల్లో కాంప్లెక్సుల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ నడిచే బడులు చూస్తే ఆ మాట ఎవరికి గుర్తుందో అర్థం కాదు. మైదానం ఉన్నచోట కూడా పరీక్షలు దగ్గరపడగానే మొదట పోయేది ఆటల పీరియడే. అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు అడుగుతాం, ర్యాంకులు అడుగుతాం, బస్సుకు ఏసీ ఉందా అని కూడా అడుగుతాం. వారానికి ఎన్ని ఆటల పీరియడ్లు, అవి బయటా లోపలా అని అడిగేవారు అరుదు. ఈసారి అడగండి. తల్లిదండ్రుల సమావేశంలో పదిమంది కలిసి అడిగితే యాజమాన్యం వినక తప్పదు. ఇది ఆటల విషయం మాత్రమే కాదు, కంటి ఆరోగ్యం విషయం.

మన ఎండలకు రెండు గంటలు బయటా అని మీరు అనుకోవచ్చు. మండుటెండలో నిలబెట్టనక్కర్లేదు. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద వెలుతురు మామూలుగా కొన్ని వందల లక్స్ మాత్రమే. బయట చెట్టు నీడలోనూ అది వేలల్లో ఉంటుంది. ఉదయం బస్సు కోసం ఎదురుచూసే పదిహేను నిమిషాలు, మధ్యాహ్నం వరండాలో కాకుండా చెట్టుకింద తినే భోజనం, సాయంత్రం నాలుగున్నర తర్వాత గంట ఆట... అన్నీ కలిపితే రెండు గంటలకు దగ్గరవుతాయి. టోపీ పెట్టుకున్నా ఫర్వాలేదు. సూర్యుడిని నేరుగా మాత్రం చూడకూడదు. దీని ప్రయోజనం పవర్ వచ్చాక కన్నా రాకముందే ఎక్కువ. కాబట్టి నర్సరీ, ఒకటో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఈ మాట ముఖ్యంగా వర్తిస్తుంది. అమ్మానాన్నల్లో ఒకరికో ఇద్దరికో మైనస్ ఉంటే మరీను.

చుక్కల మందు లేకుండా రాసిన పవర్

పిల్లల కంట్లోని లెన్స్ పెద్దల లెన్స్‌లా కాదు, చాలా చురుకుగా ఫోకస్ మార్చుకోగలదు. ఈ శక్తి తగ్గినప్పుడే మనకు నలభై దాటాక చత్వారం వస్తుంది. పిల్లల్లో దీంతో చిక్కు వేరు. కంప్యూటర్ యంత్రం ముందు గడ్డం పెట్టించి లోపలి బొమ్మను చూడమనగానే కంటి కండరం బిగుసుకుంటుంది. యంత్రం లేని మైనస్‌ను చూపిస్తుంది. ఉన్న ప్లస్‌ను దాచేస్తుంది. అందుకే పిల్లలకు మొదటిసారి కళ్లజోడు రాసేముందు చుక్కల మందు వేసి, ఆ కండరాన్ని సడలించి, అప్పుడు కొలవాలి. కళ్లజోళ్ల దుకాణంలో పది నిమిషాల్లో తేల్చే పరీక్ష పెద్దలకు సరిపోతుందేమో కానీ ఎనిమిదేళ్ల పిల్లకు సరిపోదు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు. ‘‘డ్రాప్స్ వేసి చూస్తారా?’’ అని అడగండి.

మందు వేసిన తర్వాత కంటిపాప పెద్దదై వెలుతురు గుచ్చుకున్నట్టుంటుంది. దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. సాధారణంగా వాడే చుక్కలతో ఇది ఒకటి రెండు రోజులుంటుంది. చిన్నపిల్లలకు కొన్నిసార్లు వాడే అట్రోపిన్ ఆయింట్‌మెంట్‌తో వారం, పది రోజుల దాకా ఉండొచ్చు. చూపు దెబ్బతిన్నట్టు కంగారుపడక్కర్లేదు. పరీక్షల ముందు కాకుండా దసరాకో సంక్రాంతికో సెలవుల మొదట్లో చూపిస్తే చదువుకు ఇబ్బంది ఉండదు.

ఈ పరీక్షలోనే ప్లస్ పవర్ బయటపడుతుంది. దీర్ఘదృష్టి ఉన్న పిల్లలు తరచూ బోర్డు మీది అక్షరాలు తప్పు లేకుండా చదివేస్తారు. వారి కన్ను ప్రతిక్షణం కష్టపడి ఫోకస్ చేస్తుంటుంది కాబట్టి. ఆ కష్టం సాయంత్రానికి తలనొప్పిగానో, పుస్తకం తీయగానే విసుగుగానో బయటికొస్తుంది. బద్ధకస్తుడు, చదువంటే దొంగ అని పేరు పడుతుంది. ప్లస్ ఎక్కువగా ఉంటే రెండు నుంచి నాలుగేళ్ల వయసులో కన్ను ముక్కువైపు తిరిగి మెల్ల కనిపించవచ్చు. ఈ రకం మెల్ల చాలామందిలో సరైన ప్లస్ అద్దాలతోనే సర్దుకుంటుంది. మెల్లకన్ను అదృష్టమని ఊరుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ అదృష్టం సంగతేమో గానీ, తిరిగిన కన్ను చూపు పోగొట్టుకుంటుంది.

కార్నియా వంపు అన్ని వైపులా సమానంగా లేకపోతే ఆస్టిగ్మాటిజమ్. దూరమైనా దగ్గరైనా గీతలు రెండుగా, నీడపట్టినట్టు కనిపిస్తాయి. పిల్లలు కళ్లు చికిలించి, తల ఒక పక్కకు వంచి చూస్తారు. ఊరికే కళ్లు నులుముకునే అలవాటున్న పిల్లల్లో ఈ సిలిండర్ పవర్ వేగంగా మారుతుంటే, కార్నియా పల్చబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఏమైనా ఉందేమో డాక్టర్లు చూస్తారు. అలర్జీ దురదను తేలిగ్గా తీసుకోకూడదనేది అందుకే.

ఒక కన్ను మౌనంగా ఉంటే

రెండు కళ్లూ మసకబారిన పిల్లలు ఏదో విధంగా బయటపడతారు. టీవీ దగ్గరికి జరుగుతారు, నోట్సు పక్కవారి పుస్తకంలో చూసి రాసుకుంటారు. ఒక కన్ను బాగుండి రెండో కంట్లో మాత్రమే పవర్ ఉన్న పిల్లలు అలా కాదు. ఆడతారు, చదువుతారు, ఫస్టు వస్తారు. ఏ ఫిర్యాదూ ఉండదు. కానీ మెదడు మసక బొమ్మ పంపే కన్నును క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. దీన్నే లేజీ ఐ అంటారు. ఏళ్లు గడిచాక అద్దం పెట్టినా ఆ కంటికి స్పష్టత రాదు. డ్రైవింగ్ లైసెన్సు కోసమో, ఉద్యోగానికి మెడికల్ పరీక్షలోనో ఇరవై దాటాక తొలిసారి ‘ఎడమ కన్ను కనిపించదు’ అని తెలుసుకునేది ఇలాంటివారే.

దీనికి వయసుతో గట్టి లంకె ఉంది. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే ఫలితం బాగుంటుంది. ముందు సరైన కళ్లజోడు. అవసరమైతే బాగున్న కంటిని రోజూ కాసేపు ప్యాచ్‌తో మూసి, బలహీన కన్నుతో పని చేయించడం. ఓ మోస్తరు లోపానికి రోజుకు 2 గంటల ప్యాచ్, 6 గంటల ప్యాచ్‌తో సమానంగా పనిచేస్తుందని అమెరికాలో 2003లో వచ్చిన అధ్యయనం చూపింది. రోజంతా కట్టేయాలేమోనన్న భయం అక్కర్లేదు. వయసు దాటిందని పూర్తిగా వదిలేయడమూ సరికాదు. 7–12 ఏళ్ల పిల్లల్లోనూ చికిత్సతో సగం మందికి మెరుగుదల కనిపించినట్టు 2005లో తేలింది. త్వరపడితే లాభం ఎక్కువ, అంతే.

ఇంట్లో మీరు చేయగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. ఆటలా చేయండి. గోడ క్యాలెండర్‌ను దూరంగా పెట్టి, ఒక కంటిని అరచేతితో మూసి తేదీలు చదివించండి. తర్వాత రెండోది. వేళ్ల సందులోంచి చూడకుండా గమనించండి. రెండు కళ్లకూ తేడా ఉన్నా, ఒక కన్ను మూసినప్పుడు మాత్రమే పసిబిడ్డ చికాకు పడినా ఆలస్యం చేయకండి. ఫొటోల్లో ఒక కంటిపాప తెల్లగా మెరిస్తే మాత్రం అది పవర్ విషయం కాకపోవచ్చు. కంట్లో కణితి, శుక్లం వంటివి ఉండొచ్చు కాబట్టి అదే రోజు చూపించండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు రెటీనా పరీక్ష పుట్టిన నెల రోజుల్లోపే జరగాలి.

ఇక్కడ మధ్యతరగతి ఇళ్లు ఒక విషయం గుర్తించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు పిల్లల చూపు కూడా చూస్తాయి. కానీ అవి వెళ్లేది అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు. మీ పిల్లలు ప్రైవేటు బడిలో ఉంటే ఆ బృందం రాదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ‘కంటి వెలుగు’ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న ‘వైఎస్సార్ కంటి వెలుగు’ను బడి పిల్లలతోనే ఆరంభించారు. అవి మంచి పనులే. కానీ విడతలుగా జరిగే శిబిరాలు ఏటేటా పెరిగే కంటికి సరిపోవు. డబ్బు కట్టి చదివించే బడిలోనే పిల్లల చూపును ఎవరూ చూడకపోవడం విచిత్రమే. అందుకే మూడు నాలుగేళ్లకు ఒకసారి, బడిలో వేసేముందు మరోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి మీరే చూపించాలి.

కళ్లజోడు వచ్చాక

అద్దాలు పెడితే పవర్ పెరుగుతుందన్న భయంతో కొందరు పిల్లలతో బోర్డు చూసేటప్పుడే పెట్టిస్తారు. ఇంకొందరు కాస్త తక్కువ పవర్ రాయమని డాక్టర్‌నే బతిమాలుతారు. మలేసియాలో 2002లో దీన్ని పరీక్షించి చూశారు. తక్కువ పవర్ అద్దాలు పెట్టిన పిల్లల్లో మైనస్ నెమ్మదించలేదు సరికదా, ఇంకా కొంచెం వేగంగా పెరిగింది. కాబట్టి డాక్టర్ రాసిన పవర్, డాక్టర్ చెప్పినంతసేపు.

అసలు సమస్య పెట్టుకోకపోవడం. పుణె జిల్లా పల్లె బడుల్లో కళ్లజోళ్లు ఇచ్చి ఆరు నెలలు, ఏడాది తర్వాత వెళ్లి చూస్తే వాటిని పెట్టుకున్నవారు 30 శాతం లోపే. వెక్కిరింపులు, విరిగిపోవడం, ‘ఆడపిల్ల, అప్పుడే కళ్లజోడా’ అనే పెద్దల మాటలు... కారణాలు మనకు తెలియనివి కావు. ఫ్రేమ్ పిల్లలే ఎంచుకోనివ్వండి. పగలని పాలీకార్బొనేట్ అద్దాలు తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కళ్లజోళ్లపై జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి, బ్యాగులో ఒక జత అదనంగా పెట్టినా మునుపటంత భారం కాదు.

మైనస్ పెరుగుదలను తగ్గించే చికిత్సలు కూడా ఇప్పుడున్నాయి. తక్కువ గాఢత అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేక కళ్లద్దాలు, కాంటాక్ట్ లెన్సులు. అట్రోపిన్‌లో 0.05 శాతం మందు హాంకాంగ్ పరిశోధనలో మెరుగ్గా పనిచేసింది. 0.01 శాతం మాత్రం అమెరికాలో 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో ప్రయోజనం చూపలేదు. 2025 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ పిల్లల్లో మైనస్‌ను నెమ్మదింపజేసే ఒక రకం కళ్లద్దాలకు తొలిసారి అనుమతి ఇచ్చింది. అలాంటివి మన దేశంలో అంతకుముందు నుంచే దొరుకుతున్నాయి. ధర మాత్రం మామూలు అద్దాలకన్నా చాలా ఎక్కువ. ఏడాదికి అర పవరు, అంతకుమించి పెరుగుతున్న చిన్నపిల్లల విషయంలో డాక్టర్‌తో మాట్లాడదగ్గ ఖర్చే ఇది. పన్నెండేళ్లు దాటి, రెండేళ్లుగా కదలని పవర్‌కు అక్కర్లేదు. ఇవేవీ ఉన్న పవర్‌ను పోగొట్టవు. పెరుగుదలను తగ్గిస్తాయి, అంతే.

ఖర్చు పెట్టనక్కర్లేనివీ ఉన్నాయి. నీలికాంతిని అడ్డుకుంటాయని అమ్మే అద్దాలతో కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం లేదని 2023లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. పొన్నగంటి కూర, క్యారెట్ పిల్లలకు మంచివే. విటమిన్-ఎ లోపం రాకుండా కాపాడతాయి. పవర్‌ను తగ్గించవు. చదువు వెనకబాటుకు కంటి వ్యాయామాలు మందని చెప్పే ప్యాకేజీల జోలికీ వెళ్లొద్దు. రెండు కళ్లూ దగ్గరకు కలిసి చూడలేకపోవడం అనే లోపం నిజంగా ఉంటే వ్యాయామాలు పనికొస్తాయి. అది ఉందో లేదో తేల్చాల్సింది కంటి డాక్టర్.

ఇక ఫోను వాటా. ముఖానికి జానెడు దూరంలో, మంచం మీద పడుకుని, గంటలకొద్దీ కదలకుండా చూడటమే దాని అసలు కీడు. అలా చదివే పుస్తకమూ అంతే. రెండేళ్లలోపు పిల్లలకు తెరలు అసలే వద్దని, 2–4 ఏళ్ల వారికి గంటకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పెద్ద పిల్లల పాఠాలు టీవీ తెర మీద దూరం నుంచి చూపించండి. పుస్తకమైనా ఫోనైనా మోచేతి దూరం తగ్గకూడదు. ఇరవై నిమిషాలకోసారి కిటికీలోంచి దూరంగా చూడటం అలసటను తగ్గిస్తుంది. అయితే ఫోను లాక్కున్న గంటలో పిల్లవాడిని ట్యూషన్ గదిలో కూర్చోబెడితే కంటికి ఒరిగేది పెద్దగా లేదు.

పరీక్షకు వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ, పాత కళ్లజోడూ తీసుకెళ్లండి. పవర్ ఎంత అన్నదానికన్నా ఏడాదిలో ఎంత మారింది అన్నదే డాక్టర్‌కు ఎక్కువ చెబుతుంది. వీలున్నచోట కనుగుడ్డు పొడవు కూడా కొలిపించి, ఆ అంకెను చీటీ మీద రాయించుకోండి. డాక్టర్లు దాన్ని యాక్సియల్ లెంగ్త్ అంటారు. ఇంట్లో చిన్నపిల్లలు ఇంకా ఉంటే, అన్నకో అక్కకో కళ్లజోడు వచ్చిన రోజునే వారినీ వెంట తీసుకెళ్లండి.